ఏడో వాల్వు

మా ల్యాబులో ఉన్న యంత్రాన్ని మేమందరం ఫ్రిజ్ అనే పిలుస్తాం. ఇనుప చట్రానికి వేలాడదీసిన, మనిషెత్తు ఉండే తెల్లటి డబ్బా అది. దాని లోపలి చలిని దేనితోనూ పోల్చలేం. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం, ఆకాశంలో చుక్కల మధ్య ఉండే ఖాళీ కూడా ఇంత చల్లగా ఉండదని చెబుతుంటాను. క్వాంటం కంప్యూటర్ల చిప్పుల్ని ఆ చలిలో పెట్టి పరీక్షిస్తారు. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో వచ్చిన యంత్రం కాబట్టి దానికి ఒక షరతు కూడా ఉంది. ఇలాంటిది సొంతంగా కొనలేని బయటి కాలేజీలవాళ్లకు నెలలో కొన్ని రోజులు దాన్ని ఇవ్వాలి. అలా వచ్చినవాళ్లకు సాయం చేయడం, యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం.

నేను శాస్త్రవేత్తను కాను. ఎమ్మెస్సీ అయ్యాక చందానగర్‌లో ఒక మిషన్ స్కూల్లో పన్నెండేళ్లు ఫిజిక్స్ చెప్పి, నలభై దాటాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాను. ప్రాజెక్టు ఉన్నంతకాలమే కాంట్రాక్టు. చేరిన మొదటి రోజు మా ప్రొఫెసర్ నన్ను యంత్రం పక్కనున్న వాల్వుల ప్యానెల్ ముందు నిలబెట్టి ఒక్కటే మాట చెప్పారు.

"అమ్మా, ఈ మిషన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు. లోపల తిరిగే గ్యాస్ పోతే మాత్రం మళ్లీ రాదు. అది గుర్తుంటే చాలు, మిగతావన్నీ మెల్లగా నేర్చుకోవచ్చు."

ఆ గ్యాస్ ఒక అరుదైన రకం హీలియం. దాన్ని అమ్మే దేశాలు చాలా తక్కువ. అడిగితే కాగితాలు, అనుమతులు, ఆ తర్వాత ఎదురుచూపు. రంగు లేదు, వాసన లేదు, మండదు, పోతుంటే చప్పుడు కూడా చేయదు. వంటింట్లో సిలిండరు లీకైతే ముక్కు చెబుతుంది. దీన్ని చెప్పేది ప్యానెల్ మీది సూది ఒక్కటే. ఆ సూదికి భయపడుతూనే నాలుగేళ్లు పనిచేశాను.

ఆ వానాకాలం సంగారెడ్డి అవతల ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేస్తోంది. పరీక్షించాల్సిన చిప్పు పెసరగింజంత కూడా లేదు. దాన్ని దూదిలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బ్యాగులో చీరల మధ్య దాచి తెచ్చింది. మా యంత్రం మీద ఆమెకు సమయం దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఇచ్చింది ఆరు రోజులు. లింగంపల్లిలో పిన్నిగారింట్లో దిగింది.

శుక్రవారం చిప్పును లోపల పెట్టి యంత్రాన్ని చల్లబరచడం మొదలుపెట్టాం. ఆదివారం నేను చర్చి నుంచి నేరుగా ల్యాబుకు వెళ్లి చూస్తే ఆమె అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. సోమవారం ఉదయానికి యంత్రం కావలసినంత చల్లబడింది. స్క్రీన్ మీద ఆమె చిప్పు కొలతల మొదటి గీత కనబడగానే ఆమె నా మోచేయి పట్టుకుంది.

"అక్కా, వచ్చింది సూడు! గిది పుస్తకంల బొమ్మనే సూసిన ఇన్నేండ్లు. ఇప్పుడు నాదే వచ్చింది."

ఆమె అప్పటికే నన్ను అక్కా అంటోంది. మధ్యాహ్నం ఇద్దరం ఆమె తెచ్చిన సర్వపిండి తిన్నాం. తిని వచ్చాక చూస్తే గ్యాసును శుభ్రం చేసే గొట్టం ఒకటి పూడుకుంటున్నట్టు కనిపించింది.

అది పెద్ద సమస్యేమీ కాదు. అలాంటి గొట్టాలు రెండుంటాయి. గ్యాసును రెండోదానిలోకి మళ్లించి, మొదటిదాన్ని రెండు వైపులా మూసి, అందులో పేరుకున్న మలినాన్ని చిన్న పంపుతో బయటికి లాగేయాలి. రెండు వైపులా అంటే ఆరో వాల్వు, ఏడో వాల్వు. ఆ పని అప్పటికి ఎన్నోసార్లు చేశాను. ఆరో వాల్వు మూశాను. ఏడోది మూయబోతుండగానో, మూశాననుకున్నాకో ఫోన్ మోగింది. అది ఏ క్షణమో ఈరోజుకీ చెప్పలేను. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తి, కుడి చేత్తో పంపు స్విచ్ వేశాను.

ఫోన్లో ప్రొఫెసర్. గురువారం ఢిల్లీ నుంచి సమీక్ష కమిటీ వస్తోంది. గ్రాంటు కొనసాగించాలా వద్దా తేల్చేది వాళ్లే. ఇప్పటిదాకా యంత్రాన్ని వాడుకున్న బయటి కాలేజీల జాబితా సాయంత్రంలోగా కావాలన్నారు. ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చెబుతున్నాను. ఆయన మధ్యలో ఆపి మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. పది నిమిషాలు కావచ్చు.

ఫోన్ పెట్టేశాక, ఎందుకో, చేయి ఏడో వాల్వు మీదికి వెళ్లింది. పిడిని బిగించబోయాను. అది తిరిగింది.

మూసిన వాల్వు తిరగదు. నా వేళ్ల కింద అది మెత్తగా, సగం చుట్టు దాకా తిరిగింది. పంపు ఆపాను. గది చల్లగానే ఉంది, కానీ జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. ఆ పది నిమిషాలూ గ్యాసు కొంత పంపులోంచి గొట్టం దారిన గోడ దాటి ఆకాశంలోకి పోయి ఉంటుంది. కిటికీలోంచి చూశాను. అవతల అద్దాల మేడలు, వాటి మీద వాన మబ్బు. ఏమీ కనబడలేదు. కనబడదని తెలిసీ చూశాను.

"అక్కా, గీ సూది కిందికొచ్చిందేంది?" ఆమె అడిగింది.

చూశాను. సూది నిజంగానే దిగింది. కానీ యంత్రం నడుస్తుండగా ఆ సూదిని పూర్తిగా నమ్మలేం. లోపలి చలిని బట్టి అది పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఎంత పోయిందో కచ్చితంగా తెలియాలంటే ఒకటే దారి. యంత్రాన్ని ఆపి, మెల్లగా వేడెక్కనిచ్చి, ఉన్న గ్యాసునంతా తిరిగి ట్యాంకులోకి చేర్చి, అప్పుడు ట్యాంకు మీది గేజ్ చూడాలి. దానికి రెండు రోజులకు పైనే పడుతుంది. అంటే ఆమె రోజులు అక్కడితో అయిపోయినట్టే.

గంట తిరిగేసరికి ఆ నిర్ణయం నా చేతిలో లేకుండా పోయింది. యంత్రం చలిని పట్టుకోలేకపోయింది. స్క్రీన్ మీది గీత చెదిరిపోయింది. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, చలి నిలవడం లేదు, ఆపాల్సి వస్తోంది అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయనా ఆ హడావుడిలో అడగలేదు.

నేను ఒక్కొక్క వాల్వూ తిప్పుతుంటే ఆమె కుర్చీలోంచి లేచి దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. కాసేపయ్యాక చిన్న గొంతుతో అంది.

"అక్కా, పొద్దుగాల కుర్చీ జరిపేటప్పుడు నా బ్యాగు గా నాబ్‌లకు జర తాకినట్టైంది. దాంతోనే గిట్లయిందా ఏంది?"

కాదండీ, నేనే మూయలేదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట గొంతు దాకా వచ్చింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"చూద్దాం లెండి" అన్నాను.

ఇన్నేళ్లలో నేనన్న మాటల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది అదే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక మా ఆయనకు చెప్పాను. ఆయన చందానగర్‌లోనే లెక్కల టీచరు. పేపర్లు దిద్దుతున్న పెన్ను పక్కన పెట్టి విన్నారు.

"లీకైతే వాసన రాదా?"

"రాదు. ఏ వాసనా రాదు."

"మరి పోయిందని ఎలా చెప్పగలవు?"

"వాల్వు తిరిగిందండీ నా చేతిలో."

ఆయన పేపర్ల కట్ట పక్కకు జరిపారు. "ముందు ఎంత పోయిందో తేలనీ. ఏమీ పోలేదనుకో, అనవసరంగా నోరు జారినదానివి అవుతావు. నీది కాంట్రాక్టు ఉద్యోగం. వాళ్లకి సాకు కావాలంతే."

అందులో తప్పేమీ లేదు. నా మీద ప్రేమతో అన్న మాట అది. ఆ మాట పట్టుకుని మరో రోజు నోరు మూసుకుని ఉండవచ్చని నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నాను. ప్రార్థన చేద్దామని మోకరించాను. గేజ్ బాగుండేలా చూడు ప్రభువా అని అడగబోయి, అలా అడగడానికి సిగ్గేసి లేచిపోయాను.

మంగళవారం ఉదయం ప్రొఫెసర్ స్వయంగా ల్యాబుకు వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం గడ్డం కూడా గీసుకోలేదు. ప్యానెల్ చూశారు, కుర్చీ చూశారు, దాని పక్కన బ్యాగు చూశారు, ఆమెను చూశారు.

"మీరు ఇక్కడే కూర్చున్నారామ్మా నిన్న?"

"అవును సార్."

"బ్యాగు?"

"గీడనే పెట్టిన సార్. తాకినట్టైంది. కావాలని చెయ్యలే సార్."

ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. నన్ను బయటికి, నడవాలోకి పిలిచి గొంతు తగ్గించారు.

"ఎల్లుండి కమిటీ అడుగుతుందండి, ఎందుకాగిందని. ఒక కారణం ఉండాలి కదా. బయటివాళ్ల బ్యాగు పొరపాటున తగిలిందని రిపోర్టు రాసి ఉంచండి. ఆవిడ మీద యాక్షన్ ఏమీ ఉండదు. పొరపాటే కదా."

నేను తల ఊపాను. తలుపు పూర్తిగా మూసుకోలేదని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఆమె ప్లేటులో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. భయం ముదిరినవాళ్ల కళ్లు పొడిగా ఉంటాయని ఆ రోజు చూశాను.

"మా ప్రిన్సిపాల్‌కు లెటర్ రాస్తరా అక్కా?"

"రాయరు."

"రాస్తరు. నేను విన్న. సెలవు ఇయ్యనంటే కాళ్లా వేళ్లా పడి వచ్చిన. మా కాలేజ్ పేరు ఖరాబైతది. నాకొక్కదానికే అయితే పాయె. బయటోళ్లకు ఇస్తే గిట్లనే చేస్తరు అంటరు. ఇగ నా తర్వాత ఎవ్వరికీ ఇయ్యరు."

నా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాను. చుట్టూ మనుషులున్నారు, ఇక్కడ ఎలా చెప్పడం అనుకున్నాను. మనుషులు లేకపోయినా చెప్పి ఉండేదాన్ని కాదేమో.

సాయంత్రం ఇద్దరం కలిసే హైటెక్ సిటీ స్టేషన్‌కు నడిచాం. వాన వెలిసింది. ప్లాట్‌ఫాం నిండా మెడలో ఐడీ కార్డులున్న పిల్లలు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆలస్యమని మైకులో చెబుతున్నారు. ఆమె పక్కన నిలబడి, ఎవరితోనో ఫోన్లో, "ఏం లేదమ్మా, మిషన్ ఖరాబైంది, నాతోనే అయింది" అంటోంది. అవతల వాళ్లమ్మ కాబోలు. నాతోనే అయింది. ఆమె ఫోన్ పెట్టేసే దాకా ఆగి, ముఖం చూడకుండా, పట్టాల వైపు చూస్తూ చెప్పాను.

"మీ వల్ల కాలేదు. ఏడో వాల్వు నేను మూయలేదు. ఫోన్ మాట్లాడుతూ పంపు వేసేశాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగింది.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"నిన్ననే. అప్పుడే."

"నిన్నటి సంది తెల్సా? నేను బ్యాగు అన్నప్పుడు తెల్సా?"

"తెలుసు."

"మరి ఊకున్నవేంది?" గొంతు పెరిగింది. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. "రాత్రంత నిద్రలేదు నాకు. మా అమ్మకు సుత చెప్పిన నాతోనే అయిందని. నువ్వు చూద్దాం లెండి అన్నవ్!"

క్షమించమన్నాను. రైలు వచ్చింది. ఆమె నేను ఎక్కిన పెట్టె ఎక్కకుండా ముందుకు నడిచి వేరే పెట్టె ఎక్కింది. చందానగర్‌లో దిగాక కదులుతున్న కిటికీల్లో వెతికాను. కనబడలేదు.

బుధవారం ఎవరూ రాకముందే ల్యాబుకు వెళ్లి, లాగ్‌బుక్ తెరిచి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ప్రొఫెసర్ వచ్చాక ఎలాగూ ధైర్యం చాలదని నాకు తెలుసు. అందుకే ముందు రాసేసి తర్వాత చెప్పాలనుకున్నాను. ఆయన రాగానే గది తలుపు తట్టి లోపలికి వెళ్లి అంతా చెప్పాను.

విన్నాక ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇవాళ చెబుతున్నారా నాకు? రేపు పొద్దున కమిటీ పెట్టుకుని?"

"తప్పే సార్."

"లాగ్‌బుక్‌లో ఇప్పుడే ఏమీ రాయకండి. గేజ్ చూశాక ఆలోచిద్దాం."

"రాసేశాను సార్."

ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. భయం ఉంది. అచ్చం నాకున్నలాంటి భయమే, కాకపోతే ఇంకా పెద్దది. "ఈ ప్రాజెక్టు మీద ఎంతమంది పిల్లలు బతుకుతున్నారో తెలుసా అండీ మీకు?" అన్నారు. తెలుసు. వాళ్ల హాజరు వేసేదాన్ని నేనే. "వెళ్లండి" అన్నారు.

ఆమె ఆ రోజు రాలేదు. చిప్పును తీసుకోవడానికి గురువారం ఉదయం వచ్చింది. నాకు నమస్తే చెప్పలేదు. ఎనిమిదిన్నరకు ముగ్గురం ట్యాంకు ముందు నిలబడ్డాం. యంత్రం పూర్తిగా వేడెక్కింది. గ్యాసంతా ట్యాంకులోకి చేరింది. గేజ్ అద్దం మీద ఎర్ర గీత ఉంటుంది, నిండుగా ఉన్నప్పుడు సూది ఉండే చోటు అది. నేను చూడలేకపోయాను. ప్రొఫెసర్ వంగి చూశారు.

"పోయింది" అన్నారు. మళ్లీ చూశారు. "అంతా కాదు. అయిదో వంతు పోయుంటుంది."

అయిదో వంతు అంటే ఉరిశిక్షా, జరిమానాయా, నాకు తెలియలేదు. ఆయన ముఖం చూస్తే ఆయనకూ తెలియలేదనిపించింది. కొంత చలి మాత్రం దొరుకుతుందని, మునుపటంత దొరకదని ఆ తర్వాత తేలింది.

పదకొండింటికి కమిటీ వచ్చింది. నలుగురు. అందులో తెల్ల జుట్టు పెద్దావిడ ఒకరు, తెలుగు తెలిసినవారే, లాగ్‌బుక్ అడిగి తెప్పించుకున్నారు. ఆవిడ పేజీలు తిప్పుతుంటే నేను గోడ పక్కన నిలబడి ఆవిడ వేలు ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాను. ఆగింది.

"ఇది రాసిందెవరు?"

చెయ్యెత్తాను, స్కూల్లో పిల్లలా.

"ఈ పని చేసేటప్పుడు పక్కన రెండో మనిషి ఉండాలి కదా. ఎందుకు లేరు?"

నేను జవాబు చెప్పేలోపే ప్రొఫెసర్ లేచారు. "పోస్టు శాంక్షన్ కాలేదు మేడం. రెండేళ్లుగా అడుగుతున్నాం. ఆ సమయంలో ఫోన్ చేసింది కూడా నేనే."

ఆ చివరి మాట ఆయన చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగలేదు. ఆయనను అడ్డం పెట్టుకుని నేను తప్పించుకునే అవకాశం ఉన్నా, అప్పుడు నాకు కలిగింది ఊరట కాదు, ఇంకా ఎక్కువ భయం. ఇప్పుడు ఇద్దరం మునుగుతాం అనుకున్నాను.

మునగలేదు. కానీ తేలినట్టూ కాదు. నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. గ్రాంటు కొనసాగుతుంది. గ్యాసు తెప్పించడానికి అనుమతి ఉంది. రెండో మనిషి ఉద్యోగం పరిశీలనలో ఉంది. వాల్వులకు తాళం పడే ఏర్పాటు చేసేదాకా బయటి కాలేజీలకు యంత్రం ఇవ్వకూడదు. ఆ చివరి వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. ఆమె క్యాంటీన్లో భయపడింది సరిగ్గా దానికే. ఆమె తప్పు లేదని తేలింది, అయినా ఆమె భయపడ్డదే జరిగింది. తప్పు నాది, తలుపు మూసుకుపోయింది మాత్రం బయటి కాలేజీలవాళ్లకు. వరుసలో ఉన్న కాలేజీలన్నిటికీ ఆ సంగతి తెలుపుతూ మెయిళ్లు పంపే పని కూడా నాకే అప్పగించారు.

నా కాంట్రాక్టును ఏడాదికి కాక ఆరు నెలలకు పొడిగించారు. ఆ ఆరు నెలలూ ఆఫీసు గుమస్తా నా బల్ల వైపు వస్తే చాలు, చేతిలో ఏ కవరుందో చూసేదాన్ని. అవి గడిచాక మరో ఆరు నెలలు పొడిగించారు.

ఆమెకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. తాళాల ఏర్పాటు, పరీక్షలు, సంతకాలు అన్నీ పూర్తయ్యేసరికి ఎండాకాలం వచ్చింది. బయటివాళ్లకు మళ్లీ ఇవ్వవచ్చని కాగితం వచ్చిన రోజే, వరుసలో ఆమె పేరు మొదట పెట్టమని ప్రొఫెసర్‌ను అడిగాను. ఆయన సరేనన్నారు.

ఆమె వచ్చింది. మేడం అని పిలిచింది. నాలుగు రోజులు పనిచేసుకుంది. తెప్పించాల్సిన గ్యాసు ఇంకా రాక చలి మునుపటంత లేకపోయినా, ఆమె చిప్పుకు సరిపోయింది. గీతలు వచ్చాయి. ఈసారి నా చేయి పట్టుకోలేదు, స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంది. నేను ప్యానెల్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా రాయడం ఆపి నా చేతుల వైపు చూసేది. చూడనీ అనుకున్నాను. ఒక్కొక్క వాల్వు నంబరూ పైకి చదివి మూసేదాన్ని.

చివరి రోజు సామాను సర్దుకున్నాక ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. ఆమె దగ్గర ఎమ్మెస్సీ చదివే ఇద్దరు అమ్మాయిలు యంత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తు.

"ఈ పిల్లలు వచ్చినప్పుడు ల్యాబుల బాధ్యత ఎవరిదో రాయాలన్నారు మేడం. మీ పేరు రాయనా?"

వద్దనాలనిపించింది. వేరే ఎవరినైనా పెట్టండి, ఇంకో మనిషి చేరితే చూద్దాం అనాలనిపించింది. ఆ ఇద్దరు పిల్లల పేర్లు చదివాను. వాళ్ల ఊళ్లు చదివాను. ఒకమ్మాయిది నేను పేరు కూడా వినని ఊరు.

"రాయండి" అన్నాను.

ఆమె రాసి ఫారం ఇటు తిప్పింది. సంతకం పెట్టడానికి పెన్ను తీసుకున్నాను. ఆమె నా చేతి వైపు చూసి, కాగితం కదలకుండా అంచు మీద వేలు పెట్టి పట్టుకుంది.